బొటనవ్రేలికి రబ్బరు కీలు అమరునా?

గద్వాలలో నేతగాని మగ్గము ప్రక్క కొంతసేపు నిలిచి, అతని చేతులను గమనింపుడు. గద్వాల చీరలో నడిమి బట్ట నూలు, అంచు పట్టు. ఈ రెండింటి పేకయు వేరువేరు నాడెలతో సాగును. అంచును బట్టయు కలియుచోట పేక పోగులు ఒకదానినొకటి పెనవేసికొనును. పోగు తెగిన ప్రతిసారి నేతగాడు మగ్గము నాపి, బొటనవ్రేలి కొనతోను చూపుడువ్రేలి కొనతోను తెగిన కొసలను పట్టి, మెలిపెట్టి అతుకును. దినములో ఇట్లు ఎన్ని మార్లు చేయునో అతనికే లెక్క తెలియదు.

అదే జిల్లాలో 'సీడు పత్తి' పండించు చేలకు పోయినచో మరియొక దృశ్యము కనబడును. సంకర విత్తనము కొరకు కూలీలు సాయంకాలము పత్తిమొగ్గను పట్టి, బొటనవ్రేలి గోటితో రేకులను, కేసరములను వలిచివేయుదురు. మరునాటి ఉదయము వేరొక రకపు పూవును తెచ్చి, దాని పుప్పొడిని అండకోశపు కొనకు రాయుదురు. వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పల్లెలలో విత్తనమునకై వేరుసెనగ కాయలు ఒలుచువారి చేతులును ఇట్టి పనియే చేయును. నేత, విత్తనము, ఒలుపుడు - మూడును ఒక్క చేష్టపై ఆధారపడియున్నవి: బొటనవ్రేలు మరియొక వ్రేలి నెదిరించి నొక్కుట.

ఈ నొక్కుటకు ఇరుసువంటి కీలు అరిగిపోయినచో ఏమగును? మోకాలి కీలును, తుంటి కీలును మార్చుచున్నారని వినియున్నాము. వ్రేళ్ళ కీళ్ళకు సిలికోన్ రబ్బరుతో చేసిన కీళ్ళను అమర్చు శస్త్రచికిత్సయు అరువది సంవత్సరములుగా ఉన్నది. అది బొటనవ్రేలి మూలమునకు కూడ పనికివచ్చునా? వ్రేళ్ళ మెటికలలో ఆ రబ్బరు చాలవరకు నిలిచినది. బొటనవ్రేలి మూలములో చాలవరకు ఓడినది. పదార్థము ఒక్కటియే అయినను ఫలితము రెండు విధములుగా ఉండుటకు కారణమును తెలిసికొనుటకు మన పాఠశాలలో నేర్చు భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడును అవసరమగును.

జీనువంటి కీలు

ముందుగా ఒక చిన్న ప్రయోగము. ఒక విద్యార్థి బొటనవ్రేలిని అరచేతికి ఆనించి గుడ్డపట్టీతో కట్టి, అతనిని చొక్కా గుండీ పెట్టుకొనుమనుడు, దారమునకు ముడి వేయుమనుడు. నాలుగు వ్రేళ్ళున్నను అతని చేయి ఎంత నిస్సహాయమగునో తరగతి అంతయు చూడగలదు. ఏకలవ్యుని గురుదక్షిణ కథలో అడిగినది బొటనవ్రేలినే యనుట ఊరక కాదు. అంగవైకల్యమును లెక్కకట్టు వైద్యుల పట్టికలలో బొటనవ్రేలు ఒక్కటియే చేతి విలువలో 40 శాతముగా ఎంచబడుచున్నది.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు కలవు. వానిలో బొటనవ్రేలి వైపున నున్న దానికి ట్రపీజియం అని పేరు. దానిపై బొటనవ్రేలి మొదటి ఎముక కూర్చుండును. గుర్రపు జీనుపై రౌతు కూర్చున్నట్లు ఈ రెండు ఎముకలును ఒకదానిలో ఒకటి ఒదిగియుండును. రౌతు ముందు వెనుకలకు ఊగగలడు, ప్రక్కలకు వాలగలడు. అట్లే బొటనవ్రేలును నలువైపుల కదలి, మిగిలిన వ్రేళ్ళకు ఎదురుగా తిరుగగలదు. ఇంత స్వేచ్ఛ నిచ్చు కీలునకు గట్టి గోడలు ఉండజాలవు. దానిని స్థానములో నిలుపునవి చుట్టునున్న బంధకములే. వయస్సుతో ఆ బంధకములు వదులైనచో ఎముక కొంచెము ప్రక్కకు జారును. అప్పుడు ఎముకల కొనలపై నున్న నున్నని మృదులాస్థి ఒకేచోట రాపిడి పొంది అరుగును. ఈ అరుగుదల నడివయస్సు దాటిన స్త్రీలలో ఎక్కువగా కనబడును. సీసా మూత త్రిప్పునప్పుడు, తాళముచెవి త్రిప్పునప్పుడు, బట్టలు పిండునప్పుడు బొటనవ్రేలి మొదట నొప్పి కలుగుట దీని తొలి గుర్తు.

ఒక కిలో నొక్కిన పండ్రెండు కిలోలు

ఇప్పుడు మీట సూత్రమును గుర్తు తెచ్చుకొందము. బొటనవ్రేలి కొన నుండి మూలకీలు వరకు సుమారు 10 సెంటీమీటర్లు అనుకొనుడు. వ్రేలిని లాగు కండరపు త్రాడు కీలు నుండి ఒక సెంటీమీటరు దూరముననే ఉన్నదనుకొనుడు. వ్రేలికొనతో ఒక కిలోగ్రాము బరువునకు సమానమైన బలముతో నొక్కవలెనన్న, కండరము పది కిలోల బలముతో లాగవలెను. ఈ లాగుడంతయు ఎముకను కీలులోనికి అదుమును. ఇది మన సులభమైన లెక్క. నిజమైన చేతిలో కండరములు అనేకము. అవి లాగు దిక్కులును వేరు. అమెరికాలో కూనీ, ఛావో అను పరిశోధకులు 1977లో ప్రకటించిన గణనలో, వ్రేలికొన వద్ద ఒక కిలో నొక్కుడునకు మూలకీలుపై సుమారు 12 కిలోల ఒత్తిడి పడునని తేలినది. పిడికిలి బిగించి గట్టిగా పట్టినప్పుడు ఆ ఒత్తిడి 120 కిలోల వరకు పోవచ్చును. ఒక పెద్ద బస్తా బరువును ఉసిరికాయ కంటె చిన్నదైన ఎముక మోయవలసివచ్చుచున్నదన్నమాట. ఈ సంఖ్యలను గుర్తుంచుకొనుడు. రబ్బరు కీలు కథలో ఇవి మరల వచ్చును.

ఇసుక నుండి రబ్బరు

సిలికాన్ వేరు, సిలికోన్ వేరు. సిలికాన్ మూలకము. ఇసుకలో అది ఆమ్లజనితో, అనగా ఆక్సిజన్‌తో, కలిసి ఉన్నది. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డలో ఇసుకను చూడని విద్యార్థి ఉండడు. సిలికోన్ మనుష్యుడు తయారుచేసిన పదార్థము. దీని అణువు ఒక పొడవైన గొలుసు. అందులో సిలికాన్ పరమాణువు, ఆమ్లజని పరమాణువు, మరల సిలికాన్, మరల ఆమ్లజని - ఇట్లు వరుసగా ఉండును. ప్రతి సిలికాన్ పరమాణువునకును ప్రక్కన రెండు మిథైల్ సమూహములు, అనగా ఒక్కొక్క కర్బన పరమాణువునకు మూడేసి ఉదజని పరమాణువులు చేరిన గుంపులు, అంటుకొని యుండును. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో ఇంగ్లండులోని నాటింగ్‌హాములో కిప్పింగ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఈ జాతి పదార్థములపై దీర్ఘకాలము పరిశోధించి ఆ పేరు పెట్టెను.

ఈ గొలుసు సులభముగా వంగును, మెలితిరుగును. గొలుసులను అక్కడక్కడ అడ్డముగా ముడివేసినచో అది రబ్బరగును. మిథైల్ సమూహములు నీటిని చేరనీయవు. వేడికి, శరీర ద్రవములకు అది త్వరగా చెడదు. శరీరము దానిని శత్రువుగా ఎంచి తీవ్రముగా ఎదిరింపదు. 1956లో జాన్ హోల్టర్ అను అమెరికా యంత్రనిపుణుడు తన శిశువునకు వచ్చిన వ్యాధిని చూచి, మెదడులో చేరు నీటిని వెలికి పంపుటకు సిలికోన్‌తో చిన్న కవాటమును రూపొందించెను. ఈ రబ్బరు దేహములో చిరకాలము ఉండగలదని వైద్యులకు అట్టి పనుల వలన నమ్మకము కుదిరెను.

స్వాన్సన్ ఊహ

అంతకుముందు వ్రేళ్ళకు లోహపు కీళ్ళను ప్రయత్నింపకపోలేదు. తలుపు బందువంటి లోహపు కీళ్ళను 1959లో బ్రానన్, క్లైన్ అను వైద్యులు వర్ణించిరి. కాని లోహము ఎముక కంటె గట్టిది. కదలిన కొలది అది ఎముకను తొలుచుకొనిపోయెను.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున గ్రాండ్ రాపిడ్స్ నగరములో చేతుల శస్త్రవైద్యుడు ఆల్ఫ్రెడ్ స్వాన్సన్ 1960 తరువాత వేరొక దారి తొక్కెను. రుమటాయిడ్ కీళ్ళవాతమున దేహరక్షణ వ్యవస్థ పొరబడి కీలు లోపలి పొరపై దాడి చేయును. మెటికలు ఉబ్బి, అరిగి, వ్రేళ్ళన్నియు చిటికెనవ్రేలి వైపునకు ఒరిగిపోవును. స్వాన్సన్ ఆ చెడిన ఎముక కొనలను కోసి తీసివేసి, ఆ ఖాళీలో ఒక సిలికోన్ ముక్కను ఉంచెను. దాని నడుమ వంగు భాగము. ఇరువైపుల రెండు సన్నని కాడలు. కాడలను ఎముకల లోపలి గొట్టములలోనికి దూర్చవలెను. వానిని జిగురుతో అతికింపరు, మరలతో బిగింపరు. వ్రేలు వంగినప్పుడెల్ల కాడలు లోపల కొంచెము ముందుకు, వెనుకకు జారుచుండును. ఆ జారుట వలన ఒత్తిడి ఒకచోట కేంద్రీకరింపక పంచబడును. ఈ పద్ధతిని వివరించిన ఆయన వ్యాసము 1968లో వెలువడెను.

ఈ రబ్బరు ముక్క నిజముగా కీలు కాదు. అది కీలు ఏర్పడుటకు పెట్టిన అచ్చు. ఏ పరాయి వస్తువు చేరినను దేహము దాని చుట్టు పీచువంటి పొరను అల్లును. స్వాన్సన్ ఈ స్వభావమునే పనివానిగా చేసికొనెను. శస్త్రచికిత్స జరిగిన కొద్ది దినములలోనే వ్రేళ్ళను ప్రత్యేకపు పట్టీలలో ఉంచి, సరియైన దిక్కులో మాత్రమే కదలించుట మొదలుపెట్టుదురు. పొర ఆ కదలికకు తగినట్లే పెరుగును. కదలింపనిచో బిగిసిపోవును, తొందరపడి అన్ని వైపుల కదలించినచో వదులగును. మొదటి ఆరు వారములు ఇందులకు ప్రాణము వంటివి. శస్త్రవైద్యుని కత్తి ఒక గంట పనిచేసిన, వ్యాయామ చికిత్సకుని ఓర్పు మూడు నెలలు పనిచేయవలెను.

రబ్బరు విరిగినను వ్రేలు పనిచేయుటకు కారణము ఇదే. 2003లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో, సగటున 14 సంవత్సరముల తరువాత చూడగా, 208 మెటిక కీళ్ళలో 130 విరిగియుండెను. విరిగినను అనేకుల వ్రేళ్ళు ఎంతోకొంత పనిచేయుచునే ఉన్నవి. దేహము అల్లిన పొరయే కీలు పనిని చూచుచుండెను. అయితే తొలుత కలిగిన లాభము కాలక్రమమున తగ్గినదని కూడ ఆ పరిశీలన చెప్పినది. రుమటాయిడ్ వ్యాధికి మెథోట్రెక్సేట్ వంటి మందులు 1980 తరువాత వ్యాప్తిలోనికి వచ్చినవి. వ్యాధిని మొదటనే గుర్తించి మందు వాడినచో, మెటికలు ఆ స్థితికి రాకుండ చాలమందిని కాపాడవచ్చును.

బొటనవ్రేలిలో ఎందుకు ఓడినది?

మెటికలలో గెలిచిన రబ్బరును బొటనవ్రేలి మూలమునకును వాడిరి. అరిగిన ట్రపీజియం ఎముకను తీసి, ఆ ఆకారముననే సిలికోన్ ముక్కను ఉంచిరి. మొదట నొప్పి తగ్గెను, రోగులు సంతోషించిరి. కొన్ని ఏండ్లు గడచిన పిమ్మట చిక్కులు బయటపడెను.

మొదటిది భౌతికశాస్త్రపు చిక్కు. రుమటాయిడ్ రోగి బలహీనమైన చేయి మెటికపై మోపు భారము తక్కువ. అరుగుదల గలవారి చేతులు తరచుగా బలమైన పనివారి చేతులు. పైన చెప్పిన పండ్రెండు రెట్ల ఒత్తిడి ఇక్కడ మెత్తని రబ్బరుపై పడును. మెటిక ప్రధానముగా ఒకే దిక్కున వంగును. జీనుకీలు నలుదిక్కుల జారును. ఆ ప్రక్కజారుడు వలన రబ్బరు ముక్క తన గూటి నుండి తప్పుకొనెను.

రెండవది పదార్థపు స్వభావము. ఒక రబ్బరు పట్టీని సాగదీయుడు. అది బాగుగానే సాగును. దాని అంచున బ్లేడుతో చిన్న గాటు పెట్టి మరల సాగదీయుడు. గాటు వద్దనే చటుక్కున చిరుగును. సిలికోన్‌కును ఈ బలహీనత కలదు. ఎముక అంచు గీచిన చిన్న గాటు చాలును. వేలమార్లు వంగిన పిమ్మట అది పగులగును.

మూడవది జీవశాస్త్రపు చిక్కు. అన్నిటికంటె గడ్డుది ఇదే. రాపిడికి రబ్బరు సన్నని పొడియగును. ముద్దగా ఉన్నప్పుడు ఊరకున్న దేహము పొడిని చూచి ఊరకుండదు. ఏల? ఒక లెక్క చేయుడు. ఒక సెంటీమీటరు ఘనము ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లు. దానిని ఒక మిల్లీమీటరు ఘనములుగా కోసినచో వేయి ముక్కలగును. వాని మొత్తము ఉపరితలము 60 చదరపు సెంటీమీటర్లు. ముక్కలు ఇంకను చిన్నవైనచో అది ఇంకను పెరుగును. పైగా కణము మ్రింగదగినంత చిన్నవైన రేణువులను రక్తములోని భక్షక కణములు మ్రింగును, కాని జీర్ణింపజాలవు. అవి విడుచు రసాయనముల వలన కీలు పొర వాచును, ప్రక్క ఎముకలలో గుంటలు పడును. ఈ సిలికోన్ వాపు 1980 తరువాతి వైద్య పత్రికలలో పదేపదే వర్ణింపబడినది. అందుచేత చాలమంది శస్త్రవైద్యులు బొటనవ్రేలి మూలమున సిలికోన్‌ను విడిచిపెట్టిరి.

ఏ చేతికి ఏ చికిత్స?

మరి అరిగిన బొటనవ్రేలికి దారి లేదా? ఉన్నది. ఇంగ్లండులో జెర్విస్ అను వైద్యుడు 1949లోనే ట్రపీజియం ఎముకను తీసివేసి, దాని స్థానమున ఏమియు ఉంచని పద్ధతిని వర్ణించెను. ఆ ఖాళీలో దేహమే పీచుపొరను నింపును. తరువాత కొందరు, ముఖ్యముగా 1986లో బర్టన్, పెలెగ్రినీ అను అమెరికా వైద్యులు, రోగి ముంజేతి స్నాయువులో ఒక పాయను తీసి, దానితో బొటనవ్రేలి ఎముకను కట్టి నిలిపి, మిగిలిన భాగమును చాపచుట్టవలె చుట్టి ఖాళీలో ఉంచిరి. దేహములోని దారమునే దేహమునకు అతుకుగా వాడుట ఇది. ఈ చికిత్సలను పోల్చి చూచిన 2015 నాటి కాక్రేన్ సమీక్షలో, ఏ ఒక్కటియు మిగిలినవానికంటె మేలని రుజువు కాలేదని తేలెను. లోహపు గోళము, గిన్నె గల కొత్త కృత్రిమ కీళ్ళును నేడు కొన్ని దేశములలో వాడుకలో ఉన్నవి.

మరియొక పద్ధతి రెండు ఎముకలను కలిపి ఒకటిగా అతికించుట. అప్పుడు ఆ కీలు కదలదు. కాని నొప్పి పోయి, పట్టు గట్టిగా ఉండును. అరచేతిని బల్లపై చదునుగా పరచుట కష్టమగును. పాలమూరు నుండి వలసపోయి రాళ్ళు, మట్టి మోయు యువకునకు ఈ గట్టి పట్టు మేలు కావచ్చును. పోగులు అతుకు నేతగానికి, మొగ్గలు వలుచు స్త్రీకి వ్రేలు అన్ని వైపుల తిరుగుట ముఖ్యము. వారికి ఎముక తీయు పద్ధతి మేలు కావచ్చును. కాబట్టి ఎక్స్‌రే చిత్రము ఒక్కటియే చికిత్సను నిర్ణయింపజాలదు. ఆ చేయి చేయు పనిని కూడ వైద్యుడు అడిగి తెలిసికొనవలెను.

ఈ సంప్రదాయము మన దక్షిణదేశమున కొత్తది కాదు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్, కుష్ఠువ్యాధి వలన వంకరపోయిన చేతులలో, పనిచేయుచున్న ఒక కండరపు స్నాయువును చచ్చుబడిన కండరము పనికి మార్చి కుట్టి, వ్రేళ్ళను మరల కదలించెను. రోగులకు వృత్తులు నేర్పుటకు అక్కడ ఏర్పాటు చేసిరి. చేయి బాగుపడుట అనగా ఆ చేతితో మరల బ్రతుకుట అని ఆయన పని వలన తేలినది.

శస్త్రచికిత్సకు ముందు

శస్త్రచికిత్స చివరి మెట్టు మాత్రమే. మొదట చేయదగినవి చాల కలవు. బొటనవ్రేలి మూలమును పట్టియుంచు మెత్తని పట్టీ, గోరువెచ్చని నీటి కాపడము, వైద్యుడు చెప్పిన వ్యాయామములు, అవసరమైనచో కీలులో వేయు సూది మందు - వీనితోనే చాలమందికి ఉపశమనము కలుగును. పనిముట్లను మార్చుకొనుటయు మంచి మందే. పిడి ఎంత సన్ననిదైన అంత గట్టిగా నొక్కవలెను. కొడవలి పిడికి గుడ్డ చుట్టి లావు చేసినను, కలమునకు రబ్బరు తొడిగినను, నొక్కుడు తగ్గును. కొనవద్ద తగ్గిన ప్రతి కిలోయు మూలమున పండ్రెండు కిలోలు తగ్గించునని మరువరాదు.

శస్త్రచికిత్స తప్పనిచో కాలమును ముందుగా లెక్క వేసికొనవలెను. ఎముక తీసిన పిమ్మట నాలుగు నుండి ఆరు వారములు చేయి పట్టీలో ఉండును. తరువాత వ్యాయామము. బలము పూర్తిగా తిరిగివచ్చుటకు ఆరు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరము పట్టవచ్చును. కూలిపై బ్రతుకు కుటుంబమునకు ఇది ఒక పంటకాలపు సంపాదన. విత్తన పత్తి పనికి ముందా, తరువాతనా అని నిర్ణయించుకొనుటయు చికిత్సలో భాగమే. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. హైదరాబాదులో 1964లో నిజాం ఎముకల వైద్యశాలగా వెలసినది నేడు నిమ్స్ సంస్థగా ఉన్నది. మొదటి పరీక్షకు దూరము పోనక్కరలేదు. వైద్యునితో మూడు ప్రశ్నలు అడుగుట మంచిది: ఇది అరుగుదలయా, రుమటాయిడ్ వాతమా? కత్తి లేకుండ ఇంకేమి చేయవచ్చును? చేసినచో నా పనికి ఎప్పుడు తిరిగి పోగలను?

ఉపాధ్యాయులకు ఒక సూచన. బట్టలారవేయు చిన్న క్లిప్పును తరగతికి తెచ్చి, ప్రతి విద్యార్థిని వ్రేలికొనలతో నొక్కి తెరువుమనుడు. అప్పుడు బొటనవ్రేలి మొదట గట్టిపడు కండరమును మరియొక చేతితో తాకి చూడుమనుడు. ఆ సాయంకాలము ఇంటిలో వేరుసెనగ ఒలుచు అవ్వ చేతిని, మగ్గముపై నున్న తండ్రి చేతిని అదే చోట తాకి, నొప్పి యున్నదా అని అడుగుమనుడు. ఉన్నదన్నచో, "వయస్సు వచ్చినది, అంతే" అని ఊరకొనక, పిడికి గుడ్డ చుట్టి, ఆసుపత్రికి తీసికొనిపోవుమనుడు.